గట్టు ఉంటే కాపలా అక్కర్లేదా?

మొన్న వానకాలంలో మా హాస్టల్ గదిలో ఒక వాదన జరిగింది. వాదనలు మనకు కొత్తవి కావు. స్కాలర్‌షిప్పుల మీద, మెస్సులో పప్పు మీద, సినిమాల మీద రోజూ జరిగేవే. కాని ఇది కంప్యూటర్ల మీద జరిగింది. రాత్రి రెండింటిదాకా సాగింది. ఆఖరుకు ఎవరూ గెలవకుండానే దీపాలార్పి పడుకొన్నాం. గెలవడానికి కావలసిన మాటలన్నీ నాకు మర్నాడు పళ్ళు తోముకొంటుంటే తోచాయి. అప్పుడు చెబుదామంటే వినేవాడు లేడు. అందుచేత ఈ సంచికలో వ్రాసుకొంటున్నాను. సంపాదక మిత్రులు మన్నించాలి.

వాదన పెట్టినవాడు మా సీనియరు. పేరు వ్రాయను, వ్రాస్తే కొడతాడు. ఆయన సెకండ్‌హ్యాండులో ఒక లాప్‌టాప్ కొని, దానికి 16 జీబీ మెమరీ వేయించి, అందులో క్యూబ్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. ఎక్కించిన రోజునుంచి ఆయన నడకే మారిపోయింది. మేమంతా వైరసుల బజారులో తిరిగే అమాయకులం, తానొక్కడే కోటలో కూర్చున్న దొర. ఆ రాత్రి మాటల్లో మాటగా "అన్నా, అప్‌డేట్లు చేస్తున్నవా?" అని అడిగాను.

"ఎందుకు తమ్మీ? దీంట్ల అన్నీ వేరే వేరే అర్రలు. ఒక అర్రల దొంగ వడితే ఆ అర్ర పోతది, అంతే. పక్క అర్రకు రాలేడు. అప్‌డేట్లు మీ అసొంటోళ్ళకు" అన్నాడు. ఎక్కించి ఎనిమిది నెలలయిందట. ఒక్కసారి కూడా చేయలేదట!

ఈ మాట ఆయన ఒక్కడిదే అయితే నేనింత దూరం వచ్చేవాణ్ణి కాదు. గోడ కట్టాం గదా, ఇక గోడ సంగతి మరచిపోవచ్చు అనే ధీమా చదువుకొన్నవాళ్ళలోనే ఎక్కువ కనిపిస్తున్నది. చదువుకోనివాడికి కనీసం భయమైనా ఉంటుంది.

ముందు ఆ అర్రల సంగతి చెప్పాలి. సైన్సు విద్యార్థులు కాని పాఠకులు కూడా ఈ సంచిక చదువుతారు గనుక కొంచెం విడమరచి వ్రాస్తాను. మామూలు కంప్యూటరు ఒకే పెద్ద హాలు లాంటిది. బ్యాంకు పని, ప్రాక్టికల్ రికార్డు, ఎవరో పంపిన సినిమా ఫైలు, ఊరూ పేరూ లేని పెన్‌డ్రైవు అన్నీ అదే హాలులో కూర్చుంటాయి. ఒకదానికి జబ్బు చేస్తే అందరికీ అంటుకొంటుంది. దీనికి విరుగుడుగా ఏ ప్రోగ్రాములోనూ తప్పు లేకుండా చూసుకోవడం ఒక దారి. తప్పులు ఎలాగూ ఉంటాయి కాబట్టి ఒకదాని తప్పు ఇంకొకదానికి తగలకుండా విడదీయడం రెండో దారి. జోవానా రుట్కోవ్‌స్కా అనే పోలండు దేశపు పరిశోధకురాలు 2008లోనే ఈ తేడాను ఒక వ్యాసంలో వివరించింది. తరువాత 2010లో రెండో దారినే పట్టుకొని క్యూబ్స్‌ను ప్రకటించింది. దాని మొదటి పూర్తి విడుదల 2012 సెప్టెంబరులో వచ్చింది.

క్యూబ్స్‌లో అడుగున జెన్ అనే ఒక చిన్న పొర ఉంటుంది. ఒకే యంత్రాన్ని పది యంత్రాలుగా భ్రమింపజేసే ఇటువంటి పొరను హైపర్‌వైజర్ అంటారు. దాని పైన అర్రలు. బ్యాంకు పనికి ఒకటి, చదువుకు ఒకటి, చెత్త చూడడానికి ఒకటి. ఏ కిటికీ ఏ అర్రదో తెలియడానికి వాటి అంచులకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వంటి రంగులు. ఇంటర్నెట్ తీగను పట్టుకొనే అర్ర వేరు. అన్నిటిపైనా పెత్తనం చేసే డామ్ జీరో అనే అర్రకు అసలు ఇంటర్నెట్టే లేదు. ఎడ్వర్డ్ స్నోడెన్ అంతటివాడు 2016లో దీన్ని మెచ్చుకొన్నాడు. కట్టడం చక్కటిదే. మా సీనియరుతో నాకు అక్కడ పేచీ లేదు.

నా పేచీ ఇల్లు అలకగానే పండగ అనుకోవడంతోనే.

నేను మోర్తాడు నుంచి వచ్చాను. మా ఊళ్ళో పసుపు పండిస్తారు. ఆర్మూరు ప్రాంతం పసుపు గురించి ఈ జిల్లావాళ్ళకు నేను కొత్తగా చెప్పవలసింది లేదు. 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాదు నుంచి 185 మంది పోటీ చేస్తే అందులో 178 మంది రైతులే. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రంగా మొదలయింది. అవి వేరే వ్యాసానికి సంబంధించిన సంగతులు. ఇక్కడ నాకు కావలసింది పసుపుకు వచ్చే దుంపకుళ్ళు తెగులు. ఎందుకంటే క్యూబ్స్ గురించి చదువుతున్నంతసేపూ నా కళ్ళముందు మా చేనే కనిపించింది.

దుంపకుళ్ళు పట్టిన మొక్క పైకి చూస్తే ఆకుల అంచులు ఎండినట్టుంటుంది. పీకి చూస్తే దుంప మెత్తబడి, నీరు కారి, కంపు కొడుతుంది. అది మూడు దారుల్లో వస్తుంది. విత్తనంతో వస్తుంది, నేలలో ఉంటుంది, పారే నీళ్ళతో ఒక మడినుంచి ఇంకొక మడికి పోతుంది. అందుకే మావాళ్ళు ఎత్తు మడులు చేస్తారు. నీళ్ళు నిలవనివ్వరు. తెగులు కనబడినచోట చుట్టూ కాలువ తీసి, ఆ నీరు ఆరోగ్యంగా ఉన్న మడికి పోకుండా కట్టడి చేస్తారు. ఇదే మా సీనియరు చెప్పే అర్ర. ఒక మడి పోయినా చేను మిగులుతుంది. నిజమే. కాని మడులు చేసిన రైతు ఎవడూ ఆ తరువాత ఇంట్లో పడుకోడు. గట్టును ఎండ్రకాయ తొలిచిందా, కాలువ పూడిందా, విత్తనం ఎక్కడిది, మందులో ముంచి ఆరబెట్టామా, ఇవన్నీ ఉంటాయి.

మొట్టమొదట విత్తనం సంగతి. క్యూబ్స్‌లో టెంప్లేట్ అని ఒకటుంటుంది. అది విత్తనపు పసుపే అనుకోండి. ఫెడోరాదో, డెబియన్‌దో ఒక టెంప్లేట్ ఉంటుంది. పది అర్రలు ఉన్నాయంటే పది చోట్ల పది సిస్టములు వేరువేరుగా పెట్టలేదు. తెరిచిన ప్రతిసారీ ఆ అర్ర టెంప్లేట్ నుంచి తాజాగా మొలుస్తుంది. మన సొంత ఫైళ్ళు మాత్రం దాని దగ్గరే ఉంటాయి. ఇందులో గొప్ప సుఖం ఉంది. ఒక్క టెంప్లేట్‌ను అప్‌డేట్ చేస్తే దానినుంచి మొలిచే అన్ని అర్రలూ బాగుపడతాయి. అర్రలోకి దొంగ వచ్చి సిస్టమ్ ఫైళ్ళను ఏదో చేసినా, అర్రను మూసి తెరిస్తే ఆ మార్పు కొట్టుకుపోతుంది. ఇంతవరకు విని మా సీనియరు "చూసినవా మరి!" అంటాడు. ఏమి చూడాలి? విత్తనంలోనే కన్నం ఉంటే మూసి తెరిచిన ప్రతిసారీ అదే కన్నంతో మొలుస్తుంది గదా! ఎనిమిది నెలల కిందటి విత్తనం అంటే, ఆ ఎనిమిది నెలల్లో లోకానికంతా తెలిసిపోయిన ప్రతి కన్నమూ ఆయన బ్యాంకు అర్రలో, చదువు అర్రలో, చెత్త అర్రలో ఒకే తీరుగా ఉంది. గట్టు ఎంత ఎత్తుగా ఉన్నా పది మడుల్లోనూ ఒకటే కుళ్ళిన విత్తనం వేసుకొన్నవాడిని మా ఊళ్ళో ఏమంటారో ఈ సంచికలో వ్రాయరాదు.

ఇంకొక చిన్న విషయం ఉంది. చిన్నదే గాని చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. టెంప్లేట్‌ను బాగుచేసినంత మాత్రాన, అప్పటికే తెరిచి ఉన్న అర్ర బాగుపడదు. అది పాత విత్తనం నుంచి మొలిచిన మొక్కే. దాన్ని మూసి మళ్ళీ తెరవాలి. లాప్‌టాప్ మూత వేయడం తప్ప వారాల తరబడి దేన్నీ ఆపని అలవాటు మనది. బ్రౌజర్లో నలభై పేజీలు తెరిచి ఉంటాయి, అవి పోతాయని భయం. అప్‌డేట్ చేశానని తృప్తి ఉంటుంది, పాత కన్నం తెరిచే ఉంటుంది.

ఇక గట్టు సంగతి. మా సీనియరు నమ్మకమంతా దాని మీదే. అర్రలను విడదీసే ఆ జెన్ పొర ఎవరు వ్రాశారు? మనుషులే. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పుట్టిన సాఫ్ట్‌వేరు అది. 2015 అక్టోబరులో దానిలో ఒక తప్పు బయటపడింది. జెన్ వాళ్ళ ప్రకటనల వరుసలో దాని సంఖ్య 148. ఒక అర్రలో కూర్చున్నవాడు కంప్యూటరు మెమరీ మొత్తాన్ని, అంటే ఇల్లు మొత్తాన్ని, చేజిక్కించుకోగల తప్పు. అది అప్పటికి ఏడేళ్ళుగా ఆ కోడులో ఉంది! ఏడేళ్ళు ఎందరో పండితులు ఆ దారిన నడిచినా గట్టులో బొరియ కనబడలేదు. క్యూబ్స్ వాళ్ళు కోపం దాచుకోకుండా తమ హెచ్చరికలో జెన్ వాళ్ళకు గట్టిగానే చురక పెట్టారు. మరమ్మతు మాత్రం వెంటనే ఇచ్చారు. ఆ తరువాత ఊరుకోలేదు. 2018 మార్చిలో వచ్చిన 4.0 విడుదలలో గట్టు కట్టే పద్ధతినే మార్చారు. చాలా అర్రలకు సాఫ్ట్‌వేరు గారడీకి బదులు ప్రాసెసరు ఇచ్చే గోడను ఆధారం చేశారు.

సరే, ప్రాసెసరు గోడ గట్టిదే అనుకొందామా? అదే 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే రెండు లోపాలు ప్రకటించారు. అవి ప్రాసెసరులోనివే. వేగం కోసం ప్రాసెసరు ముందుగానే ఊహించి చేసే పనివల్ల, చదవకూడని చోటు జాడలు బయటకు పొక్కుతాయి. ఆగస్టులో ఇంటెల్ ప్రాసెసర్లలో ఇంకొకటి వచ్చింది. దాంతో క్యూబ్స్ వాళ్ళు హైపర్‌థ్రెడింగ్ అనే సౌకర్యాన్నే ఆపివేశారు. వేగం తగ్గినా సరేనన్నారు. గట్టులో కాదు, గట్టు కింది నేలలోనే బొరియ అన్నమాట. ఈ మరమ్మతులు కూడా అప్‌డేట్ల రూపంలోనే వస్తాయి. ఎనిమిది నెలలు తలుపు మూసుకు కూర్చున్నవాడికి ఎలా అందుతాయి?

ఇక్కడ ఎదుటి పక్షానికి న్యాయం చేయాలి. జెన్ ప్రకటనలు ఇప్పటికి నాలుగు వందలు దాటాయి. వాటిలో చాలా భాగం క్యూబ్స్ భద్రతకు తగిలేవి కావు. కొన్ని యంత్రాన్ని ఆపివేయగలవే గాని సమాచారం దొంగిలించలేవు. కొన్ని క్యూబ్స్ వాడని భాగాల్లోవి. అంటే అర్రలుగా విడదీయడం వల్ల భయపడవలసిన చోటు నిజంగానే తగ్గింది. చేనంతా కాపలా కాయడానికి, నాలుగు గట్లు చూసుకోవడానికి చాలా తేడా ఉంది. మా సీనియరు ఈ మాట చెప్పి ఉంటే నేను ఒప్పుకొనేవాణ్ణి. ఆయన చెప్పింది అది కాదు. నాలుగు గట్లు కూడా చూడనన్నాడు.

మూడోది నీళ్ళ కాలువ. నాకు ఈ భాగమే అన్నిటికంటె ఆసక్తిగా తోచింది. మరమ్మతు వచ్చే దారిలోనే విషం వస్తే ఏమిటి గతి? ఇది ఊహ కాదు. డెబియన్‌లో అప్‌డేట్లు తెచ్చే ఆప్ట్ అనే ప్రోగ్రాములో 2016 డిసెంబరులో ఒక తప్పు బయటపడింది. వచ్చిన సరుకు అసలుదా కాదా అని ముద్ర చూసే చోటే పొరపాటు. 2019 జనవరిలో అదే ఆప్ట్‌లో మరొకటి. దారిలో కూర్చున్నవాడు తన సరుకును నడిపించి, దానిని మన కంప్యూటరులో పూర్తి అధికారంతో నడిచేలా చేయవచ్చు. తాళం కొత్తది వేద్దామని కంసాలిని పిలిస్తే వచ్చినవాడే దొంగ అయినట్టు. మరి ఆ తప్పును సరిచేసే అప్‌డేట్‌ను ఏ దారిన తెచ్చుకోవాలి? అదే దారిన! అందుకే క్యూబ్స్ వాళ్ళు ఆ సందర్భంలో మామూలుగా అప్‌డేట్ కొట్టి ఊరుకోండి అనలేదు. డెబియన్ టెంప్లేట్‌ను తీసివేసి, ముద్ర వేసిన కొత్తదాన్ని పెట్టుకొమ్మన్నారు. కుళ్ళు అనుమానం ఉన్న విత్తనానికి మందు కొట్టడం కాదు, విత్తనమే మార్చడం. డామ్ జీరో మాత్రం ఆప్ట్ వాడదు గనుక పెత్తనపు అర్రకు ఆ తప్పు తగలలేదు.

ఆ డామ్ జీరోకు ఇంటర్నెట్ లేదని పైన వ్రాశాను. మరి దానికి అప్‌డేట్లు ఎలా? వేరొక అర్ర వెళ్ళి మూట తెస్తుంది. మూట తెచ్చినవాణ్ణి డామ్ జీరో నమ్మదు. గుమ్మం దగ్గరే నిలబెట్టి, మూట మీది డిజిటల్ ముద్రను తానే సరిచూసి, సరి అయితేనే విప్పుతుంది. మోసుకొచ్చినవాడు దొంగ అయినా ముద్ర తయారు చేయలేడు. మహా అయితే మూట తేకుండా ఎగ్గొట్టగలడు. ఇంత ఆలోచించి కట్టినవాళ్ళు అప్‌డేట్లు అక్కరలేదని ఎక్కడైనా అన్నారా? ఈ ఏర్పాటంతా అప్‌డేట్‌ను క్షేమంగా తెచ్చుకోవడం కోసమే చేశారు. ఆ రాత్రి ఈ ఒక్క మాట తోచి ఉంటే వాదన పన్నెండింటికే ముగిసేది.

పోలండు, కేంబ్రిడ్జి అయ్యాక మన దగ్గరికి వద్దాం. ఇవన్నీ ఎక్కడో జరిగేవని అనుకోవడానికి లేదు. మైక్రోసాఫ్టు 2017 మార్చి 14న విండోసులో ఒక కన్నానికి మరమ్మతు విడుదల చేసింది. మే 12న వానాక్రై అనే పురుగు సరిగ్గా ఆ కన్నంలోంచే 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో దూరి తాళాలు వేసింది. మధ్య దాదాపు రెండు నెలలున్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని ఆ దెబ్బకు చిక్కాయి. మందు వచ్చి రెండు నెలలైనా చేనికి చేరని కథ అది.

హైదరాబాదులోని ఏపీ మహేష్ సహకార బ్యాంకుది గట్లు లేని కథ. 2022 జనవరిలో దాని సర్వరులోకి దూరినవాళ్ళు 12 కోట్ల 48 లక్షల రూపాయలను ఇతర ఖాతాలకు మళ్ళించారు. సిబ్బందికి వచ్చిన మోసపు మెయిళ్ళను తెరవడంతో లోపలికి దారి దొరికిందనీ, ఆ తరువాత నెట్‌వర్కులో ఒక చోటినుంచి ఇంకొక చోటికి పోకుండా ఆపే విభజన సరిగా లేదనీ పోలీసులు వెల్లడించారు. రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. ఎవరో ఒక ఉద్యోగి ఒక మెయిలు తెరవడం రోజూ జరిగేదే, రేపు నేనూ తెరుస్తానేమో. ఆ ఒక్క మెయిలు నుంచి ఖజానా దాకా అడ్డు లేకపోవడమే అసలు జబ్బు.

ఇంకా ఒకటుంది, అది మా సీనియరు ఆ రాత్రి నా మీద విసిరిన అస్త్రం. "అప్‌డేట్లతోని మునిగినోళ్ళు లేరా? విమానాలు ఆగలేదా?" అన్నాడు. ఆగినయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక ఫైలు తప్పుగా ఉండడంతో, మైక్రోసాఫ్టు లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర వేసుకొని కూలబడ్డాయి. శంషాబాదు నుంచి కోల్‌కతా పోయే ప్రయాణికుడికి చేతితో వ్రాసి ఇచ్చిన బోర్డింగ్ పాసు ఫోటో దేశమంతా తిరిగింది. ఆ ఫైలును గంటన్నర లోపే వెనక్కు తీసుకొన్నారు, కాని అప్పటికే కూలిన యంత్రాలను మనుషులు ఒక్కొక్కదాని దగ్గరికీ పోయి లేపవలసి వచ్చింది. కంచే చేను మేసింది.

అస్త్రం మంచిదే, కాని అది నా వైపే పనిచేస్తుంది. అక్కడ ఫైలు పోయి పడింది సిస్టము నడిబొడ్డున, అందరూ కూర్చున్న హాలులో. దేశదేశాల యంత్రాలకూ ఒకేసారి పోయి పడింది. ఒక మడిలో చల్లి చూసినవాడు లేడు. కొత్త మందు వస్తే మా బాపు చేనంతా కొట్టడు. ఒక సాలు కొట్టి రెండు రోజులు చూస్తాడు. క్యూబ్స్‌లో ఈ పని సులువు. టెంప్లేట్‌కు ఒక నకలు తీసి, నకలును అప్‌డేట్ చేసి, ఒక అర్రను దానితో నడిపి చూసి, బాగుంటే మిగిలినవాటికి పెట్టుకోవచ్చు. చెడితే పాతది ఉండనే ఉంది. జెన్‌కు, డామ్ జీరోకు మాత్రం ఇంత సులువు లేదు. అది చెడితే అందరికీ చెడుతుంది, దాచడం దేనికి? కాని భయపడి మానుకోవడం వేరు, చూసి చేసుకోవడం వేరు. అర్రలున్నవాడికి అప్‌డేట్ చేయడమే తక్కువ ప్రమాదం. అటువంటివాడే చేయనంటే ఎలా?

క్యూబ్స్ నడవాలంటే మంచి మెమరీ, తగిన ప్రాసెసరు కావాలి. ఈ జిల్లాలో అది వాడేవాళ్ళు ఎంతమంది ఉంటారు, దాని గురించి ఇంత వ్రాతా అని మీరు అడగవచ్చు. ఒక్కసారి మీ జేబులో చేయి పెట్టి చూడండి. ఆండ్రాయిడ్ ఫోను కూడా అర్రలదే. గోడలు అంత మందం కావు గాని, అందులో ప్రతి యాప్‌కూ విడి గుర్తింపు, విడి అర్ర మొదటినుంచీ ఉన్నాయి. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. వీడియోలు, పాటలు చదివే భాగంలో ఉన్న తప్పు వల్ల ఒక్క మెసేజితో ఫోనులోకి దూరవచ్చని తేలింది. ఆ భాగానికి అవసరానికి మించిన అధికారాలు కూడా ఉన్నాయి. గూగుల్ అప్పుడు రెండు పనులు చేసింది. ఆ ఆగస్టు నుంచి నెలనెలా భద్రతా మరమ్మతులు ప్రకటించడం మొదలుపెట్టింది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7లో ఆ పెద్ద భాగాన్ని చిన్న చిన్న అర్రలుగా విడగొట్టింది. గట్టూ వేసింది, మందూ కొట్టింది. ఒకటి చేసి రెండోది మానలేదు.

దసరా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు బాపు ఫోనులో సెట్టింగులు తెరిచి భద్రతా అప్‌డేట్ తేదీ చూశాను. 2021 అని ఉంది. అప్‌డేట్ కోసం వెతకమని బొత్తాం నొక్కితే "మీ ఫోన్ తాజాగా ఉంది" అని సమాధానం! తాజాగా ఉండడమేమిటి, కంపెనీ ఆ మోడలును వదిలేసింది, అంతే. పసుపు అమ్మిన డబ్బు ఖాతాలో పడిందని మెసేజి వచ్చేది ఆ ఫోనుకే. ఓటీపీ వచ్చేది ఆ ఫోనుకే. "బాపూ, ఈ ఫోను మార్చాలె" అన్నాను. "మంచిగనే మాట్లాడుతుంది గదరా" అన్నాడు. ఆయన మాటలో తప్పేముంది? పంపు సెట్టు నీళ్ళు పోస్తున్నంతకాలం ఎవరు మారుస్తారు? పనిచేసే వస్తువును, కంటికి కనబడని కారణానికి, పదిహేను వేలు పెట్టి మార్చమని ఒక రైతుకు చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఖరీదైన ఫోన్లకు ఇప్పుడు ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామని కొన్ని కంపెనీలు మాట ఇస్తున్నాయి. చవక ఫోను కొన్నవాడికి ఆ మాట లేదు. ఖాతాలో పదివేలున్నవాడి తలుపుకు గొళ్ళెం ముందు ఊడిపోతుంది. ఇది టెక్నాలజీ లోపం కాదు, వ్యాపారపు లెక్క. ఫోను పెట్టె మీద ధరలాగే "ఫలానా సంవత్సరం దాకా మరమ్మతులు ఇస్తాం" అని పెద్ద అక్షరాలతో వ్రాయాలని ప్రభుత్వం ఎందుకు అడగకూడదు? ఎరువుల బస్తా మీద, పురుగుమందు డబ్బా మీద తేదీ చూసి కొనడం మా బాపుకు తెలుసు. ఫోను పెట్టె మీద కూడా చూస్తాడు.

ఒక మాట ఒప్పుకోవాలి. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో తిరిగే దొంగ యాప్ ఫైళ్ళకు గోడలూ అప్‌డేట్లూ రెండూ పూర్తి జవాబు కావు. మనమే దాన్ని ఎక్కించుకొని, మెసేజిలు చదువుకొమ్మని మనమే అనుమతి ఇస్తే, అది దొంగతనంగా దూరడం కాదు, పిలిచి పీట వేయడం. మా ఊరి గ్రూపులో అలాంటిది వచ్చినప్పుడు బాపు నాకు ఫోను చేసి అడిగాడు కాబట్టి సరిపోయింది. మా దగ్గరి బంధువు ఒకాయన అడగలేదు. 46 వేలు పోయాయి, అది యాసంగి పెట్టుబడి. ఆ సంగతి విన్నప్పటినుంచి ఈ విషయం నాకు హాస్టల్ వాదనలా తోచడం మానేసింది.

చివరగా మన ల్యాబు. విద్యార్థి సంఘం సంచికలో ఇది వ్రాయకపోతే ఇంకెక్కడ వ్రాస్తాను? విండోస్ 10కి మైక్రోసాఫ్టు ఉచిత మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 7కు 2020 జనవరిలోనే ఆగిపోయాయి. మన ల్యాబులో ఏ యంత్రంలో ఏముందో వెళ్ళి చూసినవాళ్ళకు తెలుసు. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు మన ఆధార్, కులపత్రం, బ్యాంకు పాసుపుస్తకం స్కాన్ చేసే కంప్యూటరులోనే, జిరాక్సు సెంటరులో తిరిగి తిరిగి వచ్చిన పెన్‌డ్రైవులు పెట్టి రికార్డులు ప్రింటు తీస్తున్నాం. రెండూ ఒకటే హాలు. కొత్త కంప్యూటర్లు కావాలని నేను అడగడం లేదు, అడిగినా రావు. దరఖాస్తులకు ఒక యంత్రాన్ని విడిగా పెట్టండి, దానికి పెన్‌డ్రైవు తగలనివ్వకండి. కొత్త విండోసు మోయలేని పాత యంత్రాల్లో ఉచితంగా దొరికే లినక్సు వేసుకోవచ్చు, వేసిపెట్టడానికి మా క్లాసులోనే నలుగురం ఉన్నాం. నెలకు ఒక శనివారం సాయంత్రం తాళంచెవి మాకిస్తే అన్నిటినీ అప్‌డేట్ చేసి, మూసి తెరిచి, గోడ మీద తేదీ వ్రాసి పోతాం. సంఘం వారు ఈ ఒక్క తీర్మానం చేసి ప్రిన్సిపాల్ గారికి ఇస్తే చాలు. టీ ఖర్చు కూడా అడగం.

మా సీనియరు సంగతి చెప్పడం మరిచాను. వాదన అయిన మూడో రోజు రాత్రి నా గది తలుపు కొట్టి, "తమ్మీ, నీ హాట్‌స్పాట్ ఒకసారి పెట్టు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎనిమిది నెలల బాకీ గనుక ఫెడోరా విత్తనం ఏకంగా కొత్త విడుదలకు మార్చవలసి వచ్చిందట. ఆ రోజు నా 2 జీబీ పోయింది, మర్నాటిది కూడా పోయింది. రీచార్జి చేయిస్తానన్నాడు. ఇంకా చేయించలేదు.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, మోర్తాడ్